బావగారి బొటనవేలు

బావగారి కుడిచెయ్యి ప్యాంటు జేబులో కాపురం పెట్టి చాన్నాళ్ళయింది. అన్నం తినడానికీ, ఆఫీసులో ఆట ఆడడానికీ తప్ప గడప దాటడం లేదు. చూసినవాళ్ళు ఈ వయసులో ఈ స్టైలేమిటనుకున్నారు. భార్య మాత్రం, "ఆ జేబులో చిల్లర దాచారా, చిల్లు దాచారా?" అని అడిగింది. రెండూ కాదు. వణుకు దాచాడు.

మొదట్లో అది వణుకని ఆయన ఒప్పుకోలేదు. టీవీ ముందు తీరిగ్గా కూర్చున్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ కలిసి, కంటికి కనపడని గోళీని నలుపుతున్నట్టు కదిలేవి. అటు చూస్తే ఆగేవి. చూపు తిప్పితే మళ్ళీ మొదలు, మాస్టారు బోర్డు వైపు తిరగగానే అల్లరికి దిగే వెనకబెంచీ పిల్లల్లా. పని చెప్తే మొరాయిస్తుంది, ఊరుకోమంటే పని చేస్తుంది. దీనికి 'చెయ్యి' అని పేరు పెట్టినవాళ్ళు ఎప్పుడు చెయ్యాలో కూడా చెప్పి ఉండాల్సింది అని తనలో తనే ఓ జోకు వేసుకున్నాడు. నవ్వు రాలేదు. సొంత జోకుకి సొంతమనిషే నవ్వకపోవడం ఆయన జీవితంలో అదే మొదలు.

తర్వాత సంతకం చిక్కిపోయింది. ఏనుగులా బయల్దేరిన పేరు కాగితం మీద నాలుగడుగులు వేసేసరికి చీమైపోయేది. పార్సిలు తెచ్చిన కుర్రాడు, "సార్, ఇది సంతకమా, సిరా మరకా?" అని అడిగి వెళ్ళాడు. వాడు మెట్లు దిగేదాకా నవ్వుతూ నిలబడి, తలుపేసి, ఆ తలుపుకే వీపు ఆనించి ఉండిపోయాడు బావగారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతుకుతున్నాడని అందామంటే, ఆ అరచెయ్యే కుదురుగా లేదాయె. ఎప్పుడు జారవిడుస్తుందో ఎవరు చూడొచ్చారు?

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. పెదనాన్నకి ఇలాగే వేళ్ళతోనే మొదలైంది. ఆ తర్వాత ఆయన చెంచా నోటికి వెళ్ళే దారిలో సగం చొక్కాకి పెట్టేది. ఆ తర్వాత ఎవరో ఒకరు తినిపిస్తే తప్ప తినలేని రోజులొచ్చాయి. ఇంటికొచ్చిన చుట్టాలు పెదనాన్న మొహం చూసి పలకరించడం మానేసి, ఆ చేతినే చూస్తూ, "ఎలా ఉంది?" అనేవాళ్ళు. 'ఎలా ఉన్నావు' కాస్తా 'ఎలా ఉంది'గా మారిపోయింది. మనిషి పోయి చెయ్యి మిగిలింది.

డాక్టరు దగ్గరికి వెళ్తే దీనికో పేరు పెడతాడు. పేరు పెట్టాక అది ఇంట్లో మనిషైపోతుంది. అందుకని బావగారు వెళ్ళలేదు. భార్యకి చెప్పలేదు. చెయ్యి బాగానే ఉందని రోజూ తనకి తాను రుజువు చేసుకోవడానికి ఆయన దగ్గర వేరే సాధనం ఉంది.

ఆ సాధనం ఆయన ఉద్యోగమే.

*

ఒకప్పుడు ఆయనకి క్యాసెట్ల కొట్టు ఉండేది. కాలం మారి సీడీల కొట్టైంది. కాలం ఇంకోసారి మారేసరికి కొట్టే లేదు. ఆ సమయంలో బావమరిది వచ్చి, "బావా, నేను వీడియోగేమ్ తయారుచేస్తున్నా. రౌడీల్ని కొట్టే గేమ్. నువ్వు రోజూ కూర్చుని కొట్టడమే పని" అన్నాడు. అలా కొట్టు పోయినవాడికి 'కొట్టు' అనే ఉద్యోగం దొరికింది.

బావమరిది కంపెనీ అంటే ఓ టైర్ల కొట్టు పైన రెండు గదులు. మెట్లెక్కేటప్పుడు రబ్బరు వాసన, కూర్చున్నాక కంప్యూటర్ల వేడి. బావమరిది యజమాని. బొమ్మలు గీసే అమ్మాయి ఒకతె. ప్రోగ్రాం రాసే అబ్బాయి ఒకడు. ఈ అబ్బాయి మాట్లాడ్డం మొదలుపెడితే ఫుల్‌స్టాప్ ఉండదు, ఊపిరి పీల్చుకోవడానికి ఆగుతాడంతే, అందుకని బావగారు వాడికి 'కామా' అని పేరు పెట్టాడు. ఆఫీసంతా ఆయన్ని 'బావగారూ' అనే పిలుస్తుంది. బొమ్మలమ్మాయి మాత్రం, "నేనలా పిలిస్తే మా ఆయన ఊరుకోడు" అని 'అన్నయ్యగారూ' అంటుంది.

ఆట పేరు 'పిడికిలిపేట'. తలకి ఎర్రగుడ్డ కట్టిన హీరో ఎడమనుంచి కుడికి నడుస్తూ ఉంటాడు. వెనక్కి వెళ్ళడానికి వీల్లేదు, ఎందుకని అడక్కూడదు. దారిలో బక్కోడు వస్తాడు, గుద్దాలి. బండోడు వస్తాడు, తన్నాలి. కత్తోడు వస్తాడు, ఎగరాలి. మూడు మీటలు, మూడు పనులు. రెండో వీధిలోకి వెళ్తే అదే బక్కోడు పచ్చచొక్కాలో వస్తాడు, మూడో వీధిలో ఎర్రచొక్కాలో. చొక్కా మారుతుంది గానీ బుద్ధి మారదు. దెబ్బలు తిని నీరసపడితే చెత్తడబ్బా పగలగొట్టి అందులో దొరికిన వేయించిన కోడిని తినేసి ముందుకి పోవాలి. చెత్తలో కోడి ఎవరు వేశారో, వేడిగా ఎందుకుందో బావమరిదికే తెలియాలి. చివరి వీధి చివర గుండ్రాయి అనే రౌడీ ఉంటాడు. వాడు పడితే ఆట అయిపోయినట్టు.

ఇందులో కొత్తేమీ లేదు. లేకపోవడమే దాని గొప్ప. బావమరిది నిక్కరు వేసుకునే రోజుల్లో రైల్వేగేటు పక్కన ఓ రేకుల షెడ్డులో ఇలాంటి ఆటలు ఉండేవి. బిళ్ళ వేస్తే డబ్బాలో బొమ్మలు లేచి తన్నుకునేవి. ఆ షెడ్డుకి రారాజు అప్పటికింకా బావ కాని బావగారు. ఆయన బొటనవేలు మీట మీద ఆడుతుంటే వేలు కనపడేది కాదు, చప్పుడొక్కటే వినపడేది. షెడ్డంతా 'మెరుపు' అని పిలిచేది. ఆ మెరుపుని చూడ్డానికి బడి ఎగ్గొట్టి వీపు విమానం మోత మోగించుకున్నవాళ్ళలో బావమరిది మొదటివాడు. వాళ్ళక్క పెళ్ళికి ఇంటిల్లిపాదీ పెళ్ళికొడుకు ఉద్యోగం గురించి ఆలోచిస్తుంటే, వీడొక్కడు వేలు చూసి ఒప్పుకున్నాడు.

అందుకే ఆఫీసులో ఓ పద్ధతి పెట్టాడు. "మనం తయారుచేసినవాళ్ళం. ఎవడు ఎటునుంచి వస్తాడో మనకి నిద్దట్లో కూడా తెలుసు. మనం ఆడితే లెక్కలోకి రాదు. బావ చెయ్యే మనకి కొలబద్ద. మెరుపంతటివాడు పోయిన చోట మామూలు మనిషి బతుకుతాడా? కాబట్టి బావ ఎక్కడెక్కడ పోతే అక్కడక్కడ రౌడీల జోరు తగ్గించు" అని కామాకి చెప్పాడు.

బావగారు రోజూ ఆడేవాడు. ఎక్కడ పోయాడో మెషీనే గుర్తుపెట్టుకునేది. కామా మర్నాడొచ్చి రౌడీల్ని కాస్త చెక్కేవాడు.

"బావగారూ, నిన్న కూడా గుండ్రాయి దగ్గర పోయారా?"

"పోయాన్రా. పోయి పోయి విసుగొచ్చి బతికాను."

"అంటే వాడింకా స్పీడుగా ఉన్నట్టే కదా, నేనేమో మొన్న కూడా తగ్గించాను, అంతకుముందు కూడా తగ్గించాను, అయినా మీరు పోతున్నారంటే లోపం నాదే, ఇవాళ ఇంకొంచెం..."

"కొంచెమే తగ్గించు. నీ పేరంత. మరీ చెక్కితే గుండ్రాయి కాస్తా గులకరాయి అవుతుంది."

బొమ్మలమ్మాయి ఓసారి తలెత్తి, "నాకైతే తేలిగ్గానే ఉందండీ అన్నయ్యగారూ" అంది. "నువ్వు వాణ్ణి కన్నతల్లివమ్మా, నీ మీద వాడు చెయ్యెత్తుతాడా?" అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు. మాట అక్కడితో పోయింది.

బావగారి లోపల జరిగేది వేరు. మొదటి దెబ్బలు బాగానే పడేవి, పాత మెరుపే. ఆ తర్వాత బొటనవేలు బురదలో దిగబడ్డట్టయ్యేది. నొక్కుతున్నాననుకునేవాడు, మీట దిగేది కాదు. ఆట కష్టం, అంతే, ఈకాలం ఆటలన్నీ ఇంతే అని సర్దిచెప్పుకునేవాడు. మర్నాడు అదే చోట గెలిచేవాడు. ఆ క్షణంలో ఆయనకి కలిగే సంతోషం చూస్తే, ఆ రౌడీ కూడా లేచి చేతులు కలిపేవాడేమో. నిన్న ఓడినవాణ్ణి, ఇవాళ నెగ్గానంటే చెయ్యి దారికొస్తున్నట్టే కదా! కామా ఏదో కామా అంత తగ్గించి ఉంటాడు, మిగతాదంతా నా చేతి చలవే. అలా రోజూ చేతిని ఆటతో కొలుచుకుంటూ, ఆ రోజుకి ధైర్యం తెచ్చుకుంటూ, మళ్ళీ దాన్ని జేబులో పడుకోబెట్టి ఇంటికొచ్చేవాడు.

ఆటేమో ఆయన చేతిని చూసుకుని తగ్గుతోంది. ఆయనేమో ఆటని చూసుకుని చెయ్యి బాగుందనుకుంటున్నాడు. ఇద్దరు గుడ్డివాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, దారి నీకు తెలుసు కదా అనుకుంటూ నడిచినట్టు.

*

ఆట విడుదలకి ముందు బావమరిది ఓ ఆదివారం చిన్న హాలు అద్దెకి తీసుకుని పరిచయం ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ పిలిచాడు. గోడ మీద పెద్ద తెర, దానికెదురుగా కుర్చీ. పక్కనే మరికొన్ని మెషీన్లు. అందరూ ఆడి చూసి నాలుగు మంచి మాటలంటే వచ్చేవారం విడుదల.

పాట మొదలవగానే నడివయసు మగాళ్ళందరికీ కళ్ళు చెమర్చాయి. బట్టతలాయన ఒకాయన తెర దగ్గరికెళ్ళి చతురస్రపు మొహం హీరోని చూస్తూ, "ఇదే! ఇదే! నాకప్పుడు జుట్టుండేది!" అన్నాడు. మీసాలాయన ఒకాయన చెత్తడబ్బా పగిలి కోడి బయటపడగానే చప్పట్లు కొట్టాడు. బావమరిది చాతీ రెండంగుళాలు పెరిగింది. బావగారు గోడ వారగా, జేబులో చెయ్యితో, తన వంతుగా, వచ్చినవాళ్ళందరికీ జోకులు పంచుతూ నిలబడ్డాడు.

కాసేపటికి బట్టతలాయన ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. మీసాలాయన మూడో వీధిలో ఆవలించాడు. ఆడుతూ ఆవలించాడు, అదీ విశేషం. ఆవలింత పూర్తయ్యేలోగా అరడజను రౌడీలు పడిపోయారు.

పత్రికలో ఆటల గురించి రాసే ఒకావిడ కుర్చీలోంచి లేచి, "సంగీతం వినగానే నాకు పన్నెండో ఏడు గుర్తొచ్చిందండీ" అంది బావమరిదితో.

"థాంక్సండీ!"

"ఆడాక రెండో ఏడు గుర్తొచ్చింది. ఊదితే పడిపోతున్నారు. రౌడీలా, రంగుకాగితాలా?"

బావమరిది నవ్వబోయి ఆగిపోయాడు. బావగారు మాత్రం ఆ మాట నమ్మలేదు. ఊదితే పడిపోవడమేమిటి? మొన్ననే కదా గుండ్రాయి తనని మట్టికరిపించింది? ఈవిడ చివరిదాకా ఆడి ఉండదు. అంతే. చివరిదాకా వెళ్ళి ఉండదు.

అప్పుడే భార్య వచ్చింది. ఆవిడ నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తుతుంది. ఆదివారం కూడా ఆ ఫోను ఆవిణ్ణి వదలదు. జన్మలో వీడియోగేమ్ ముట్టుకోలేదు. తమ్ముడు మొహం వేలాడేసుకుని ఉండడం చూసి, "ఏదీ, నేనూ ఓ చెయ్యి చూస్తా" అని కూర్చుంది. కూర్చోగానే ఫోను మోగింది. దాన్ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, ఆట రిమోటుని ఒళ్ళో పెట్టుకుని ఒక్క చేత్తో మొదలెట్టింది.

"హలో, చెప్పండి. నీళ్ళు రావట్లేదా? ఎప్పట్నించి? ఆగండాగండి, ఇక్కడెవడో కత్తితో వస్తున్నాడు... మిమ్మల్ని కాదండీ. పైపు పగిలిందా, లేక కుళాయి చెడిందా? ఏది, ఓసారి మేడ మీదకెళ్ళి చూడండి. నేను లైన్లోనే ఉంటా. ఒరేయ్ తమ్ముడూ, వీడు చొక్కా మార్చుకుని మళ్ళీ వచ్చాడేంట్రా, సిగ్గు లేదూ?"

హాలంతా ఆవిడ చుట్టూ చేరింది. నవ్వులే నవ్వులు. గుండ్రాయి వచ్చాడు. ఆవిడ ఫోన్లో చెప్తున్న వీధి పేరు రాసుకుంటూ, చూడకుండా, ఎడమచేతి వేలితో మీట టకటకలాడించింది. గుండ్రాయి పడిపోయాడు. తెర మీద బాణాసంచా పేలింది.

"అయిపోయిందా? ఇంతేనా? ఇంకెవరైనా ఉన్నారా?" అని చుట్టూ చూసింది.

అందరూ చప్పట్లు కొట్టారు. బావగారు కొట్టలేదు. కుడిచెయ్యి జేబులో పిచ్చిపట్టినట్టు గోళీ నలుపుతోంది, గుడ్డమీంచి తొడకి తెలుస్తోంది. ఫోను మాట్లాడుతూ, ఎడమచేత్తో, మొదటిసారి ఆడిన మనిషి ఒక్క దెబ్బ తినకుండా పడగొట్టిన రౌడీ చేతిలో తను మొన్నటిదాకా చచ్చాడు. ఆట కష్టమై కాదు. ఆట ఎప్పుడో నేలమట్టమైంది. నేలమట్టమయ్యేదాకా తగ్గితేగానీ తన చేతికి అందలేదు. అయితే చెయ్యి ఎంత కిందికి పోయిందన్నమాట?

రోజూ ధైర్యం కోసం చూసుకున్న అద్దంలో ఇన్నాళ్ళూ ఉన్నది పెదనాన్న.

*

హాలు వెనక చిన్న గదిలోంచి బావమరిది గొంతు వినపడింది. బావగారు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. లోపల కామా గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. బొమ్మలమ్మాయి మధ్యలో నిలబడి ఉంది.

"తగ్గించమంటే తీసెయ్యమనా? రౌడీలకి చొక్కా తప్ప ఏం మిగల్చలేదు కదరా నువ్వు!"

"సార్, మీరే కదా సార్ బావగారు పోయిన చోటల్లా తగ్గించమన్నారు, నేను అదే చేశాను, కావాలంటే మెషీన్లో చూడండి..."

"మా బావని అడ్డం పెట్టుకోకు! ఆయన మెరుపు. ఆయన ఇంతమంది చేతిలో ఎందుకు పోతాడు? పని ఎగ్గొట్టడానికి నీ ఇష్టమొచ్చినట్టు అంకెలు కొట్టేసి ఆయన మీద రాశావు. రేపట్నించి రావద్దు."

"సార్, తొందరపడకండి" అంది బొమ్మలమ్మాయి. "మెషీనెందుకు అబద్ధం చెప్తుంది?"

"మెషీన్ చెప్పదమ్మా, మెషీన్‌తో చెప్పిస్తారు!"

కామా తల తిప్పి గుమ్మంలో ఉన్న బావగారిని చూశాడు. మొదటిసారి వాడి నోట చిన్న మాట వచ్చింది. "బావగారూ. మీరు చెప్పండి."

నోరు తెరిచాడు బావగారు. నాలుక మీదకి ముందు వచ్చింది జోకే, అలవాటు కదా. ఆ వెనకే వచ్చిన భయం దాన్ని కూడా మింగేసింది. చెప్పకపోతే ఏమవుతుంది? కుర్రాడు ఇంకో చోట చేరతాడు. ఆట పోతుంది. చెయ్యి జేబులోనే ఉంటుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు, ఇంకొన్నాళ్ళు 'ఎలా ఉన్నావు' అనే అడుగుతారు. చెప్తే ఆ క్షణం నుంచి అందరి కళ్ళూ మొహం దాటి కిందికి జారతాయి. భార్య కళ్ళు కూడా. ఆ కళ్ళు జారడం ఒక్కటి తను చూడలేడు. మోకాళ్ళు సన్నగా వణకడం తెలిసింది. ఇది రోగం వణుకా, భయం వణుకా? తేడా తెలియలేదు, ఎందుకంటే రెండూ ఒకే ఇంట్లో అద్దెకున్నాయి.

కామా ఇంకా చూస్తున్నాడు. పాపం వాడికి ఫుల్‌స్టాప్ పెట్టడం చేతకాదు. వాడి ఉద్యోగానికి తను పెడుతున్నాడు.

"మొట్టమొదట రాసిన ఆట ఉందా?" అన్నాడు బావగారు. గొంతు తనది కాదనిపించింది. "ఏమీ తగ్గించకముందుది."

"ఉంది."

"పెద్దతెర మీద పెట్టు."

"ఎందుకు బావా?" అన్నాడు బావమరిది.

"ఆడతా."

బావమరిది మొహం ఒక్కసారిగా వెలిగింది. హాల్లోకి పరిగెత్తి, "అందరూ ఇటు రండి! అసలు ఆట ఇప్పుడు చూద్దురుగాని! మా బావ ఆడుతున్నాడు! మెరుపు!" అని కేకలు పెట్టాడు. వెళ్ళిపోబోతున్న బట్టతలాయన వెనక్కి తిరిగాడు. పత్రికావిడ బ్యాగు మళ్ళీ కుర్చీకి తగిలించింది.

బావగారు కూర్చున్నాడు. జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీసేటప్పుడు, ఇంట్లోంచి దొంగని పోలీసులు బయటికి తెస్తున్నట్టనిపించింది. రిమోటు అందుకోగానే వణుకు ఆగింది. ఎప్పుడూ అంతే, దొంగవేషాలు. పని ముందు పెద్దమనిషిలా ఉంటుంది.

పాట మొదలైంది. బక్కోడు వచ్చాడు. టక్, టక్, టక్. పడ్డాడు. బండోడు వచ్చాడు. టక టక. పడ్డాడు. వేలు కనపడలేదు, చప్పుడొక్కటే. "అదీ!" అని అరిచాడు బావమరిది. ఎవరో ఈల వేశారు. ఒక్క లిప్తపాటు బావగారికి కూడా అనిపించింది, ఏమీ లేదేమో, అంతా కలేమో అని.

తర్వాత బురద వచ్చింది.

బొటనవేలు మీట మీదే ఉంది. నొక్కు అన్నాడు. నొక్కింది, సగం. ఇంకోసారి అన్నాడు. అందులో సగం. సంతకం చిక్కినట్టు దెబ్బ చిక్కిపోయింది. తెర మీద ఎర్రగుడ్డ హీరో చెయ్యెత్తబోయి ఆగి, చెయ్యెత్తబోయి ఆగి, ఏదో మర్చిపోయినవాడిలా నిలబడ్డాడు. చుట్టూ పచ్చచొక్కాలు మూగి చితకబాదాయి. హీరో పోయాడు. లేచాడు. మళ్ళీ అక్కడే పోయాడు.

హాలు ఘొల్లుమంది.

బావగారు జోకుల మనిషని అందరికీ తెలుసు. పొద్దుట్నుంచీ నవ్విస్తూనే ఉన్నాడు. ఇదీ అందులో భాగమే అనుకున్నారు. మీసాలాయన కడుపు పట్టుకుని, "ఏం నటిస్తున్నాడండీ, కొయ్యబారిపోయినట్టు!" అన్నాడు. బావమరిది పడీ పడీ నవ్వుతున్నాడు. భార్య కూడా నవ్వింది, గట్టిగా. ఆ నవ్వు బావగారి వీపు మీద చల్లటి నీళ్ళలా పడింది. ఎవరూ నమ్మరా? నిజంగా మునిగిపోతున్నవాడు చెయ్యి ఊపితే ఒడ్డున ఉన్నవాళ్ళు టాటా చెప్తున్నాడనుకుని తిరిగి ఊపుతున్నారే!

హీరో మళ్ళీ లేచాడు. మళ్ళీ పోయాడు.

భార్య నవ్వు మధ్యలో తెగిపోయింది. ఆయన అటు చూడలేదు, కానీ తెలిసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ నవ్వు ఎంత పొడుగుంటుందో ఆయనకి తెలుసు. ఇది పూర్తవలేదు. ఆవిడ తెరని చూడడం లేదు. కుర్చీ పక్కకి వచ్చి ఆయన బొటనవేలిని చూస్తోంది.

"చాల్లే బావా, ఇంక సరిగ్గా ఆడు" అన్నాడు బావమరిది కళ్ళు తుడుచుకుంటూ.

"సరిగ్గానే ఆడుతున్నాన్రా."

నవ్వులు అక్కడక్కడ ఆగాయి, కొన్ని ఆలస్యంగా.

"ఆ అబ్బాయి తప్పేం లేదు. నేను పోయిన చోటల్లా తగ్గించమన్నావు, తగ్గించాడు. నేనే అన్నిచోట్లా పోతున్నా." ఆయన రిమోటు ఒళ్ళో పెట్టాడు. "నా చెయ్యి పనిచెయ్యడం లేదు. చాన్నాళ్ళ నుంచి. మీ ఆట బాగానే రాశారు. నా వేలితో కొలిచి పాడుచేసుకున్నారు."

తెర మీద పాట ఒక్కటే, ఆ చిన్నప్పటి పాట, సిగ్గులేకుండా హుషారుగా మోగుతోంది. కామా వెళ్ళి ఆపేశాడు. బట్టతలాయన తన బూట్లకేసి చూసుకున్నాడు. బావమరిది మొహంలో ఇంకా అర్థంకానితనమే ఉంది. పడిపోబోతున్నవాడు పట్టుకోవడానికి ఏదో వెతుక్కున్నట్టు, "బావా, నువ్వు మెరుపు కదా" అన్నాడు, ఎనిమిదేళ్ళవాడి గొంతుతో.

"మెరుపు అంటే ఒక్క క్షణమేరా," అన్నాడు బావగారు. అది కూడా జోకే. ఎవరూ నవ్వలేదు.

బావమరిది కామా దగ్గరికి వెళ్ళి, వాడి భుజం మీద చెయ్యి వేసి, "పాత అంకెలు పెట్టెయ్" అన్నాడు. "రేపు రా. తొందరగా రా."

జనం మెల్లగా బయటికి జారుకున్నారు. బావగారి కుడిచెయ్యి పని అయిపోగానే జేబు వైపు బయల్దేరింది. జేబు దాకా వెళ్ళలేదు. భార్య దాన్ని దారిలోనే పట్టుకుంది.

"ఎప్పట్నించి?" అంది.

ఫోన్లో నీళ్ళు రావట్లేదన్నవాళ్ళని అడిగినట్టే అడిగింది.

"వేసవి ముందు నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తావు?"

"ఏం చేస్తానా? తిడతాను. తిట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. నన్నేమనుకున్నారండీ మీరు? రోజంతా ఊళ్ళోవాళ్ళ పగిలిన పైపులన్నీ నాకే చెప్తారు. ఇంట్లో పైపు మాత్రం జేబులో దాస్తారా?"

"నీకు గుర్తుందా," అన్నాడు ఆయన, "మా పెదనాన్న..."

ఆవిడకి గుర్తుంది. పెదనాన్నకి కొన్నాళ్ళు తినిపించింది ఆవిడే. కొత్తకోడలుగా వచ్చిన రోజుల్లో. ఆయన ఆవిడ కళ్ళ వైపు చూశాడు, ఎక్కడికి జారతాయో చూద్దామని. ఆ కళ్ళు చేతి మీద లేవు. ఆయన మొహం మీదే ఉన్నాయి, కోపంగా, తడిగా. అందులో భయం కూడా ఉంది, తనదానికి ఏమాత్రం తీసిపోనిది. దాన్ని చూశాక ఆయన భయం తగ్గలేదు. ఇంకాస్త పెరిగింది.

"భయంగా ఉందే," అన్నాడు, చిన్నగా. జోకు లేకుండా.

"నాకూ," అంది ఆవిడ.

ఆవిడ భుజానున్న బ్యాగులో ఫోను మోగింది. ఆవిడ ఎత్తలేదు. ఖాళీ కుర్చీల మధ్య ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆవిడ రెండు చేతుల మధ్య ఆయన కుడిచెయ్యి తీరిగ్గా ఉంది, తీరిక దొరికింది కాబట్టి తన గోళీ తను నలుపుకోవడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ గుడ్డ మాటున చప్పుడు లేకుండా సాగిన ఆ వణుకు మెల్లగా ఆవిడ మణికట్టుకి ఎక్కింది. ఆవిడ గాజులు సన్నగా మోగాయి. ఆయన చెయ్యి లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు. గాజులు మోగుతూనే ఉన్నాయి.